లైటు ఆర్పమన్నాడు సిలార్

కావలిలో సిలార్ షెడ్డు ముందు
నా బండి బుద్ధిగా నిలబడింది.
పదిసార్లు తాళం తిప్పాడు. పదిసార్లూ అందుకుంది.
"బాగానే ఉండాదే," అన్నాడు.
ఆసుపత్రి మెట్లెక్కగానే సలుపు మానేసిన పన్నులా
అది నన్ను అబద్ధాలకోరును చేసింది.

తొంభయ్యారు మోడలు మారుతి.
కందుకూరులో ఒక కంపౌండరు దగ్గర కొన్నాను,
వెనక సీటులో ఇంకా డెటాల్ వాసన.
తెల్లారుజామున లేవదు. ఎండెక్కితే లేస్తుంది.
లేచినా నిలవదు,
కాలు తీస్తే వణికి వణికి
ఒక్కోసారి గుటక మింగి ఆగిపోతుంది.
జువ్వలదిన్నె హేచరీలో నాలుగున్నరకల్లా
నేను రొయ్యపిల్లల్ని లెక్కబెట్టాలి.
బీకరులో కనురెప్ప వెంట్రుకంత ప్రాణాలు,
అవి నా బండి కోసం ఆగవు.

ప్లగ్గులు మార్చాడు.
బ్యాటరీ క్లాంపులు గీకితే తెల్లగా ఉప్పు రాలింది.
కార్బరేటరు విప్పి, ఐడిల్ జెట్టు పెదాల మధ్య పెట్టుకుని
పిల్లనగ్రోవి వాడిలా ఊదాడు.
వాళ్ల కుర్రాడు మాల్యాద్రి
టీ గ్లాసులో పెట్రోలు పట్టి ఎండకెత్తి చూశాడు,
అడుగున నీటిబొట్టేమైనా ఉందేమోనని.
పొడుగు స్క్రూడ్రైవరు ఇంజనుకానించి, పిడి చెవికానించి
చాలాసేపు విన్నాడు సిలార్.
"అరుస్తాదే గానీ, చెప్పదు."
ఏం మార్చినా రెండు రోజులు బాగుండేది.
మూడోరోజు మళ్లీ చీకట్లో నేను, అది,
స్టార్టరు ఈడ్పు.

"పగలు చూసి లాభం లేదమ్మా.
అది యాడ మొండికేస్తాదో ఆడికే వస్తా."

మూడున్నరకి వచ్చాడు, తలకి తువ్వాలు చుట్టుకుని.
సముద్రం మీంచి గాలి. బానెట్టు మీద మంచు,
వేలితో తీసి నాలిక్కి రాసుకుంటే ఉప్పన.
నేను టార్చి పట్టుకున్నాను,
ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త సూటిగా.
"లైటు ఆర్పమ్మా."
"ఆర్పితే ఏం కనపడుతుంది?"
"ఆర్పితేనే."

మాల్యాద్రి తాళం తిప్పాడు.
కాయిలు నుంచొచ్చే లావు తీగ పొడుగునా
నీలం చీమలు పాకినట్టు వెలుగు,
చిటచిటమని సన్న చప్పుడు.
చేరాల్సిన చోటికి చేరకుండా
తడిసిన రబ్బరు తొడుగు మీదే
ఖర్చయిపోతున్న నిప్పు.
నెలరోజులు దీన్ని
మేం లైటేసుకుని వెతికాం.

కొత్త తీగ నూట ఎనభై.
నేను నవ్వాను. సిలార్ నవ్వలేదు.
"ఇది లేవకపోయే రోగం. ఆ వణుకు వేరే.
అది ఇంకా దొరకలా."

ఇప్పుడు తాళం తిప్పగానే లేస్తుంది.
బిట్రగుంట గేటు పడ్డప్పుడు మాత్రం
హెడ్‌లైట్లు ఆర్పేసి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి
వింటూ కూర్చుంటాను.
గూడ్సు పోతోంది, పెట్టెలు లెక్కబెడుతున్నాను
లెక్కబెట్టడం అలవాటేగా.
నలభైరెండో పెట్టె దగ్గర
ఒకసారి గుటక మింగింది.

సిలార్‌కి చెప్పాలి,
నలభైరెండో పెట్టె అని.