పదిహేడో పోర్టు

ఎనుమాముల మార్కెట్ ఆఫీసులో
కాంటా గది వెనక, మెట్ల కింద
ఇనుప రాక్ ఒకటి.
తలుపు తీయగానే తుమ్మాను.
మూడు సీజన్ల మిర్చి దుమ్ము
పాత స్విచ్ ఫ్యాన్‌లో పేరుకుని
ఎర్రటి నూగైంది.
రాత్రి రెండింటికి ఆగిపోయిందట.
వాచ్‌మన్ భిక్షపతి
ఇంట్లో మనిషి సంగతి చెప్పినట్టే చెప్పాడు:
"కొంచెంసేపు గుర్రుమన్నది మేడం,
ఆటెన్క సప్పుడు లేదు."

జెండా పాట నోటితోనే అయిపోయింది.
మిగతా లాట్ల ధరలు మాత్రం
తీగల్లోంచే రావాలి.
యార్డు నిండా తేజ బస్తాలు,
బస్తాల మీద రైతులు,
కిటికీ చువ్వల్లోంచి ఒకసారి నన్నూ
ఒకసారి ఫోన్‌నూ చూస్తూ.

విప్పే ముందు ఫొటో తీసుకున్నాను.
జ్ఞాపకం మీద పని చేయొద్దని
మా ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు.
ఇరవై నాలుగు తీగలు, ఒక్కోదానికి ఒక చీటీ:
దడువాయిల గది, రెండో కాంటా,
సెక్రటరీ సార్, పత్తి యార్డు కెమెరా...
పదిహేడో దానికి పేరు లేదు.

కేజ్ నట్లు చదరపు కంతలో కూర్చోవడానికి
గోటి కింది చర్మాన్ని పన్ను అడుగుతాయి.
ఒకటి జారి నేల మీది తొడిమల్లో కలిసింది.
మోకాళ్ళ మీద వెతికాను.
దొరికింది, కళ్ళు మండాక.
ఎడమవైపువి ఒక గడి కిందికి పెట్టానని
స్విచ్ ఎత్తి ఆనించాకే తెలిసింది.
మళ్ళీ పీకు. మళ్ళీ గోరు.

స్విచ్‌కి రెండు చెవులు,
నాకు రెండే చేతులు.
పట్టేది ఒకరు, బిగించేది ఒకరు కావాలి.
నాతో రావాల్సిన పిల్లగాడు
హనుమకొండ చౌరస్తాలో
పంక్చరైన బండి పక్కన నిలబడి ఉన్నాడు.

హమాలీ ఓదెలు తలుపులోంచి తొంగిచూశాడు.
"ఏం గావాలె బిడ్డా?"
"ఇది పట్టుకో కాకా, కదలకుండ."
పొద్దటి నుంచి నూట పది బస్తాలు మోసిన భుజం
నాలుగు కిలోల పెట్టె కిందికి వచ్చింది.
"గింతేనా!" అని నవ్వాడు.
నవ్వినా పెట్టె కదల్లేదు,
ముల్లు మధ్యకొచ్చిన కాంటాలా.

కింది స్క్రూలు. తర్వాత పైవి.
"ఇగ చేతులు తియ్యి."
తీయలేదు.
"తియ్యి కాకా."
"దించుడు ఎర్కే బిడ్డా,
గాల్లె ఇడిసిపెట్టుడే ఎర్క లేదు."
ఆ తర్వాత ఒక్కో వేలే తీశాడు.

ఎర్త్ తీగ ముందు, కరెంటు తర్వాత.
ఫ్యాన్ లేచింది.
లైట్లన్నీ ఒకసారి వెలిగి, ఆరి,
చాలాసేపు ఏమీ లేదు.
తొమ్మిదేళ్ళయింది ఈ పనిలో,
ఈ నాలుగు నిమిషాలు ఇంకా అలవాటు కాలేదు.
పసుపు. పసుపు.
ఒక మూల పచ్చ.
ఓదెలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు,
పచ్చవి ఇరవై మూడు.

బయట ఫోన్లు ఒక్కసారిగా మోగాయి.
ఓదెలు తమ్ముడి లాట్ కూడా ఉందట,
పర్వతగిరి అవతల ఎకరమున్నర పంట.
ఫోన్ నా ముందు పెట్టాడు, చదవమని.
నిన్నటి కంటే క్వింటాకు పదకొండు వందలు తక్కువ.
చదివాను.
ఇద్దరం రాక్ వైపు చూశాం.
పచ్చగా, ఆపకుండా, మిణుకుమిణుకుమంటోంది.
"మిషన్ మంచిగనే నడుస్తున్నది గదా," అన్నాడు.
తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకుని
బస్తాల దగ్గరికి పోయాడు.

పదిహేడు మాత్రం వెలగలేదు.
ఆ తీగ గోడలోకి పోతుంది.
గోడ అవతల ఏముందో
భిక్షపతికీ తెలియదు.
పీకి గంటసేపు కూర్చున్నాను,
ఎక్కడైనా ఎవరైనా అరుస్తారేమోనని.
ఎవరూ అరవలేదు.
అయినా మళ్ళీ పెట్టేశాను.

చీటీ ఖాళీగా ఉంచకూడదు కదా.
పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఆలోచించి
"ఎవరిదో" అని రాసి
అంటించాను.