బయట మైనస్ ముప్పై రెండు

బయట మైనస్ ముప్పై రెండు.
లోపల, బల్ల కింద, తొంభై ఏడు.
మధ్యన గొంగడి మందాన ఉన్ని గోడ,
ఒక బొగ్గు పొయ్యి,
నేను.

ఉలాన్‌బాతర్ కొండవాలు మీద మా గుడారం.
కింద గేమింగ్ సెంటర్ మూతపడ్డప్పుడు
జీతం బాకీ కింద నా చేతిలో పెట్టిన పెట్టె ఇది.
పదకొండేళ్ళది.
దాని నుదుట పద్నాలుగో నంబరు ఇంకా అంటుకునే ఉంది.
సీటు పోయింది, సీటు నంబరు పోలేదు.

ఆట మొదలైన పావుగంటకల్లా
విమానం లేస్తున్నంత రొద,
ఆపైన తెర చీకటి.
శత్రువెవడూ నన్ను చంపలేదంటే
జట్టులో ఎవరు నమ్ముతారు?
"ఒద్దోన్ మళ్ళీ పారిపోయాడు."

పక్క గుడారం గాల్సాన్ ఒకటే నవ్వు.
"ఊరు ఊరంతా ఫ్రిజ్‌లో ఉంటే
నీకు ఫ్యాను కావాలిట్రా? బయట పెట్టు!"
పెట్టాను కూడా, ఒక రాత్రి,
తలుపు సందులోంచి తీగలు లాగి.
వేడి నలభైకి దిగింది.
సందులోంచి వచ్చిన గాలికి నా వేళ్ళు కొయ్యబారాయి.
వీధి కుక్క వచ్చి
పెట్టెని ఆనుకుని పడుకుంది, వెచ్చగా ఉందని.
దాన్ని లేపబుద్ధి కాక
తెల్లారేదాకా ఆపలేదు.

ఆదివారం నారన్‌తూల్ సంత.
గుర్రపు జీనులు దాటి, పాత బూట్ల గుట్టలు దాటి
ఒకావిడ దుప్పటి మీద గ్రాఫిక్స్ కార్డులు పరిచి
చేపల్లా తిరగేసి చూపిస్తోంది.
"నాణేల గనిలో పనిచేసిందా ఇది?"
"గనిలో పనిచేయనిది ఎవరు తమ్ముడూ, ఈ దేశంలో?"
మారు మాట్లాడలేకపోయాను.
కార్డు, మెమరీ, మూడు ఫ్యాన్లు.
పేస్టు గొట్టం కొసరు.

కోటు లోపల, గుండెకి ఆనించి తెచ్చాను.
అయినా గడప దాటగానే
కార్డుకి నిలువెల్లా చెమట.
తడి ఆరేదాకా కరెంటు చూపించకూడదు.
చలిలోంచి వచ్చిన చుట్టాన్ని
ఏం పని మీద వచ్చావని వెంటనే అడుగుతామా?
పొయ్యికి కాస్త దూరంగా కూర్చోబెట్టి
నేను ఉప్పు టీ తాగాను, రెండు గిన్నెలు.

ఈలోగా మూత విప్పాను.
దుమ్మనుకున్నాను. మసి.
రేకు రేకుకీ నడుమ
మా పేట చలికాలాలన్నీ పొరలు పొరలుగా.
చెల్లెలు ఎంఖ్‌తూల్ టార్చి పట్టుకుని వంగి చూసింది.
"మన ఊపిరితిత్తులూ ఇలాగే ఉంటాయా?"
పళ్ళ బ్రష్షు తెమ్మన్నాను.

పాత పేస్టు సున్నం పెచ్చులా రాలింది.
కొత్తది కందిగింజంత చాలు.
చల్లబడటమంటే ఇంతేనట:
వేడిని పక్కవాడి చేతిలో పెట్టడం.
చిప్పు రాగికి, రాగి రేకులకి,
రేకులు గాలికి,
గాలి మాకు.
మెమరీ టక్కుమని కూర్చుంది.
కార్డు కూర్చోనంది. పెట్టె పొట్టి, అది పొడుగు.
ఆకురాయితో ఇనుప చట్రం గంటసేపు అరగదీశాను.

స్విచ్చి వేశాను.
గుడారం చీకటి. గాల్సాన్ గుడారమూ చీకటి.
అటు నుంచి తిట్లు, వాళ్ళ తాతల కాలం నాటివి.
హీటరు పీకేసి, ఫ్యూజు మార్చి, మళ్ళీ.

అరవై ఆరు.

ఎంత నిశ్శబ్దమంటే
పొయ్యిలో బొగ్గు చిట్లడం వినబడింది,
బయట కుక్క గీరుకోవడం వినబడింది,
తెర వెనక నిద్రలో చెల్లెలి దగ్గు వినబడింది.
ఎప్పటి నుంచి దగ్గుతోందో.
ఆ రొదలో నాకేం తెలుస్తుంది.

ఆ రాత్రి ఆట ఓడాను,
చివరిదాకా ఉండి మరీ ఓడాను.
పారేద్దామని తీసిపెట్టిన పాత ఫ్యాను
ఒక వైపు తూలుతుంది గానీ తిరుగుతుంది.
దాని ముఖానికి తెల్లటి వడపోత గుడ్డ బిగించి
తన తలగడ పక్కన పెట్టాను.

పొద్దున లేచి చూస్తే
గుడ్డ మధ్యలో
గుండ్రంగా, నల్లగా,
టీ గిన్నె అడుగంత మచ్చ.