ఇంటిపేరు దొరికింది

ఖాజాగూడ గుట్ట మీద, ఉత్తరం వైపు పగులులో
నాలుగు వానాకాలాలుగా దాన్ని చూస్తున్నాను.
బెత్తెడు ఎత్తు. మూడు రేకులు.
రంగు వంకాయ అని ఒక ఏడు రాసుకున్నాను.
మరుసటేడు కొట్టేసి, నేరేడు తిన్న నాలుక అని దిద్దాను.
కేసరాలకు నూగు.
భూతద్దం కింద అది తడిసిన గొంగడి అంచు.

ఎనిమిదింబావుకు విచ్చుకుంటుంది.
పదిన్నరకల్లా ముడుచుకుని, ఏమీ జరగనట్టు గడ్డిలో కలిసిపోతుంది.
ఆలోపే నేను ఉప్పల్లో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి,
ఆటోవాడితో బేరమాడి రావాలి.
మూడుసార్లు మొగ్గనే చూసి వెనక్కి పోయాను.
ఒకసారి కందిగింజంత తేనెటీగ
నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

వృక్షశాస్త్రం పుస్తకం
పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా ఆరా తీస్తుంది:
ఆకుకు తొడిమ ఉందా, లేదా?
గింజ మీద గాడి ఒకటా, రెండా?
చెప్పుకుంటూ పోతే చివరికి ఇంటిపేరు దొరికింది.
లాటిన్‌లోనూ మనలాగే, ఇంటిపేరు ముందు, పేరు వెనక.
ఆ వెనక మాటే
ఏ పేజీలోనూ లేదు.

"ఉంగరం పడిపోయిందా మేడం?"
గేటు దగ్గరి సెక్యూరిటీ అబ్బాయి, రెండోసారి.
అవునన్నాను. కాసేపు వాడూ వెతికాడు.

మేకలు తోలుకొచ్చిన సాయవ్వనడిగాను.
వంగి, చిటికెన వేలితో తట్టి చూసింది.
"మేక ముట్టది. కూరకు రాది. పుండుకు పెట్టం.
బతుకమ్మల పేరిస్తె గడియ సేపు నిలువది.
గసొంటిదానికి పేరెవరు పెడ్తరు బిడ్డా?"
స్థానిక నామం అన్న గడిలో
పెన్ను అలాగే ఆగింది.

పది అడుగులు పోయిందో లేదో
పగులు వైపు దూకబోయిన పిల్లను అదిలించింది:
"ఏయ్! గా తొందర్దాన్ని తొక్కకు!"

ఈ ఏడు బండ మీద నీలిరంగు అంకెలు వేశారు.
వాటి పక్కన వరసగా డ్రిల్లు రంధ్రాలు,
రంధ్రాల్లో వాననీళ్లు.
ఒక్క మొక్కను వేళ్లతో సహా తీసి
పాత పేపర్లో పరిచాను.
పేజీ నిండా విల్లాల ప్రకటన,
ఈత కొలను మీద దాని ఆకు పడింది.
సర్దలేదు.

రాత్రి అట్ట మీద చీటీ అంటించాను.
తావు: గ్రానైటు పగులు, ఊట నేల.
ఎత్తు: బెత్తెడు.
శాస్త్రీయ నామం: ఇంటిపేరు రాసి, పక్కన చుక్క.
స్థానిక నామం: తొందరది.
చెప్పినవారు: సాయవ్వ.
నాకు కాదు,
మేకపిల్లకు.