వదిలేసిన తెలుపు

దస్తగిరి నీటిరంగులు వేస్తాడు,
నాలుగు రోజులకోసారి ట్యాంకరొచ్చే పాతూరులో.
ఒక గ్లాసు నీళ్లు. ఆదివారమంతా అవే.
కుంచె కడిగీ కడిగీ బురదయ్యాక
మెట్ల పక్క కనకాంబరానికి పోస్తాడు.

నాది పాస్టెల్. చుక్క నీరడగదు.
వేలితో రుద్దితే చాలు,
మా అనంతపురం నేల మాదిరే పొడి పొడి,
చొక్కా చేతులకు ఎర్రగా అంటుకొని
ఇంట్లో తిట్లు తినిపిస్తుంది.

"ఈ ఎండల్లో వాటర్ కలర్లేందప్పా,
రెండో పూత వేసేలోపే మొదటిది ఎండిపాయె" అంటా.
నవ్వుతాడు,
వారమంతా లారీల వెనక నెంబర్లు రాసిన చేతిని
విదిలించుకుంటా.

ఒకసారి బుక్కరాయసముద్రం చెరువు వేసినాడు.
కట్ట, సర్కారు తుమ్మలు, రెండు గొర్రెలు.
చెరువుండాల్సిన చోట
ఉత్త కాగితం వదిలేసినాడు.
"నీళ్లేవి?"
"వచ్చినాక వేస్తా."

ఎన్నేళ్లకో మరువ పారింది.
పటం చంకన పెట్టుకొని ఇద్దరం కట్టెక్కినాం.
గ్లాసు చెరువులో ముంచి, కుంచె తడిపి,
పసుపెక్కిన ఆ తెల్లచోటును
చానాసేపు చూసినాడు.

రంగు ముట్టలేదు.
ఒట్టి నీళ్లతో ఒక్క గీత లాగి,
ఆరేలోపల చూడమన్నాడు.