దరువు ఆపిన రాత్రి

ఇరవై రెండేళ్లుగా నేను చూసింది ఆమె వీపునే.
ముందు నిలబడి మీరు చూసిన ముఖం
నాకు అంతగా తెలియదు.
మోర్వెన్ పాడుతుంటే తోలు జాకెట్ కింద
భుజపుటెముకలు రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి,
పై స్వరానికి ముందు మెడ కుడివైపుకి ఒరుగుతుంది.
నాకదే సైగ.
డ్రమ్ములు వాయించేవాణ్ణి. ఫిన్లే నా పేరు.
పోస్టర్లో అట్టడుగున, చిన్న అక్షరాల్లో.

గ్లాస్గోలో, గోవన్‌లో పుట్టింది.
ఓడల యార్డులో రివెట్లు కొట్టీ కొట్టీ
వాళ్ల నాన్న చెవులు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి.
ఉప్పు అందుకోమనాలన్నా అరవాలి ఆ ఇంట్లో.
ఆ అరుపునే జనం తర్వాత రాక్ అన్నారు,
టిక్కెట్టు కొన్నారు.

తమ్ముడు కాలమ్ సూదితో పోయాక
రాయడం మొదలుపెట్టింది.
మందుల షాపు కాగితం సంచుల వెనక,
పెన్సిల్‌తో.
'వాడి బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి'
ఒక కవిత మొత్తం అంతే.
బాణీ కట్టమని కంపెనీవాడు బతిమాలాడు.
కట్టనంది.
కొన్ని మాటలకి గిటార్ తగిలిస్తే
శవానికి అత్తరు పూసినట్టుంటుందంది.

అప్పట్నుంచి గిటార్ పెట్టెలో
తీగల పొట్లాల పక్కన
ముక్కులో కొట్టే మందు, ఆరు డబ్బాలు.
పాట మధ్యలో ఆపి మరీ నేర్పేది:
తల వెనక్కి వంచండి, ఇలా,
కొట్టండి, ఊపిరి లెక్కపెట్టండి.
తాగి వచ్చినవాళ్లు కూడా నోరుమూసుకుని నేర్చుకునేవాళ్లు.

డండీలో ఆ నవంబరు రాత్రి.
మూడో పాట. ఎడమ స్పీకర్ దగ్గర
ఒక కుర్రాడు కూలబడ్డాడు.
మైకు కింద పడిన చప్పుడు హాలంతా పేలేసరికి
ఆమె వేదిక మీద లేదు.
వాడి పెదాలు శీతాకాలపు నది రంగు.
బేస్ ఆగింది. గిటార్ ఆగింది.
నేను ఆగలేదు.
భయమేస్తే నా చేతులకి తెలిసిందదొక్కటే.
మెల్లగా, గుండెలా, దబ్... దబ్...
వాడికి దారి చూపిస్తున్నాననుకున్నాను.
ఒక డబ్బా. రెండో డబ్బా.
వాడు దగ్గాడు.
ఎవరో పెద్దగా ఏడ్చారు, వాడు మాత్రం తిట్టాడు.

వెనక మెట్ల దగ్గర, వానలో,
మొదటిసారి నాకెదురుగా నిలబడింది మోర్వెన్.
'నీ దరువులో వాడి ఊపిరి నాకు వినబడలేదు ఫిన్లే.
ప్రాణం పోయేచోట తాళం వెయ్యకు.'
అంతే అంది. చెయ్యి వణుకుతుంటే
సిగరెట్టు వెలిగించలేక పారేసింది.
మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నగర మండలిలో మాట్లాడమని
ఆమెకి మూడు నిమిషాలిచ్చారు.
ఆమె ఏమీ మాట్లాడలేదు.
నిలబడింది, గడియారం వైపు చూస్తూ.
కుర్చీలు కిర్రుమన్నాయి, ఒకాయన నీళ్లు తాగాడు,
ఇంకొకాయన 'మొదలుపెట్టండమ్మా' అన్నాడు.
గంట మోగాక చెప్పింది:
'ఊపిరందకపోతే మనిషికి దాదాపు ఇంతే వ్యవధి.
మీకు విసుగేసింది కదా.'
వాళ్లు ఇంకో కమిటీ వేశారు.

పోయినేడు గొంతులో కాయ తీశారు.
ఇప్పుడు పై స్వరం లేదు, ఒరిగే మెడా లేదు.
గురువారాలు చర్చి వెనక గదిలో
కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల మధ్య కూర్చుని
సంచుల మీది పాదాలు చదువుతుంది,
గీరుకుపోయిన గొంతుతో, మైకు లేకుండా.
ఒకావిడ ప్రతిసారీ వచ్చి
ప్రతిసారీ ఏమీ చెప్పకుండా వెళ్తుంది.
ఆవిడ కుర్చీ ఎవరూ తీయరు.

నేనూ వెళ్తాను. కర్రలు ఇంట్లో పెట్టి.
అక్కడే మొదటిసారి
ఆమె ముఖాన్ని తీరిగ్గా చూశాను,
ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందని
ఇన్నేళ్లకి తెలిసింది.

డండీ కుర్రాడు, స్ట్రూవన్,
ఇప్పుడు మా టీషర్టులు అమ్ముతాడు.
చిల్లర ఎప్పుడూ తప్పే ఇస్తాడు.
ఒక నెల కనబడకపోతే
ఆమె వ్యాను తీసుకుని వీధివీధీ తిరుగుతుంది,
నేను పక్క సీట్లో, నోరు మెదపకుండా.
నిన్న మళ్లీ వచ్చాడు.
అందరికీ టీ పెట్టాడు, పాకంలా ఉంది.
తాగాను.