చివరి వరుస

ఇంకొక్కసారి విప్పు, జోసయా,
ముఖపత్రం చుట్టూ కట్టిన ఆ దారం.
అడుగు వరుసలో తప్పుంది.

లేదంటావు.
సీసాన్ని తలకిందులుగా చదివే కళ్ళు నీవి, కాదనను.
'ఎ. ప్రిడ్డీ కోసం అచ్చయినది,
మూడు పిచ్చుకల గుర్తు, లండన్ వంతెన.'
కామాలతో సహా సరిగ్గానే ఉంది,
ఎ. ప్రిడ్డీ పోయి పదకొండేళ్ళయిందన్న
ఒక్కటీ తప్ప.

ఏబెల్ మంచివాడు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివాడు,
అప్పుల పుస్తకం తప్ప.
అతను పోయిన వారానికి కాగితాల వర్తకుడొచ్చి
కొట్టంతా చూపుతోనే తూకం వేసి
"మగదిక్కు ఎవరమ్మా?" అన్నాడు.
పద్దు తెరిచి
నాలుగు రీములు తక్కువ తోలిన చోట వేలు పెట్టాను.
మళ్ళీ దిక్కుల సంగతి ఎత్తలేదు.

నీటి మీద రాతలంటారు కదా, నిలవని మాటల్ని.
ముప్పై ఏళ్ళుగా నేను అమ్మింది అవే.
నేలచెక్కల కింద థేమ్స్
కమానుల్లో ఇరుక్కుని రాత్రంతా తిట్టుకునేది.
పోటెక్కిన రోజు అరల్లో పంచాంగాలు వణికేవి.
అడుగు అరలో ప్రసంగాలు బూజు పట్టేవి
(ఎవరూ కొనరు, అందుకే అడుగు అర).
సరంగులకి పటాలు,
వంటమనుషులకి ఒక పెన్నీ హంతకుల కథలు,
ఆ కథలే మర్నాడు పాదరీ గారికి,
పొట్లం కట్టి.

రొట్టె ధర మీద వేసిన కరపత్రం గుర్తుందా,
దీపాలు పెట్టేలోగా మూడొందలు ఎగిరిపోయింది?
తెల్లారేసరికి రాజముద్ర చూపిస్తూ ఇద్దరొచ్చారు.
ఎ. ప్రిడ్డీ పేర వారంటు.
తీసుకుపోండి నాయనా, అన్నాను,
వంతెన దిగగానే చర్చి, మూడో వరుస,
చలికాలం కదా, ఒక దుప్పటి పట్టుకెళ్ళండి.
కెజయా నవ్వాపుకోలేక వేల్లో సూది దించుకుంది.
నేనూ నవ్వాను.
గడియ వేశాక గంటసేపు
చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను,
అవి ఆగేదాకా.

ఆ కరపత్రం రాయించింది నేను.
రెండో పేజీలో పిండి లెక్క నాది.
జనం మెచ్చుకున్నది మాత్రం
ఒక సమాధిని.

మొన్న ఈస్టరుకి నువ్వడిగిన మాట మరిచిపోలేదు.
నీ చేతిపనికి వంక పెట్టను,
నీకూ పెట్టను.
కానీ చర్చిలో సరేనన్న సాయంత్రానికి
కొట్టూ, పిచ్చుకలూ, ఈ పెట్టెల్లో సీసమూ,
నడుముకి వేలాడే ఈ కత్తెరతో సహా
నీవైపోతాయి.
అత్తసొమ్ము అల్లుడి దానం చేసే రకం కావు, తెలుసు.
చట్టం రాసినవాళ్ళు నువ్వేరకమో అడగలేదు.
అందుకని వారానికి రెండు షిల్లింగులు పెంచాను.
నువ్వు లెక్కపెట్టుకుని, జేబులో వేసుకుని,
మూడు రోజులు నాతో పలకలేదు.

ఇప్పుడు వంతెన మీది ఇళ్ళన్నీ కూలుస్తారట.
పక్కనుండే సూదుల కొట్టు అప్పుడే పోయింది,
దాని గోడ ఉన్న చోట ఆకాశం.
నిన్న మధ్యాహ్నం
మొదటిసారి నా లెక్కల బల్ల మీద ఎండ పడింది.
ఇంత దుమ్ములో బతికామా!

చిరునామా ఎలాగూ మార్చాలి.
చెయ్యి పెట్టినప్పుడే పేరు కూడా మార్చు.
ఒట్టి 'టి' వద్దు,
టిమతీ ఎవరో కాబోలనుకుంటారు.
పూర్తిగా పెట్టు.
చోటు చాలదా?
పక్కనున్న ఆ పూలగుత్తి పీకెయ్,
ఎవరడిగారు పూలు.
అక్షరం మాత్రం చిన్నది చెయ్యకు.

తెలుసు. ఈసారి వారంటు
చర్చి తోట దాకా పోనక్కర్లేదు.
అందుకే చూసి పేర్చమంటున్నాను:
థామసిన్.
చివర 'ఇ' ఉండదు,
మా నాన్న రాయించిననాటి నుంచీ లేదు.

ప్రూఫు తీసుకురా.
తడిగా ఉన్నా సరే.