క కింద చుక్క

మా నాయనమ్మకు అరబ్బీ రాదు.
ఉర్దూ కూడా రాదు.
దూదేకులోళ్ల ఇంట్లో
దేవుడితోనూ తెలుగులోనే మాట్లాడేవాళ్లం.
సంగడిగుంటలో మా వీధికి ఆ చివర
"మీరేం సాయిబులే" అనేవాళ్లు.
ఈ చివర
"ఎంతైనా మీరు సాయిబులేగా" అనేవాళ్లు.
మధ్యలో మా పరుపుల కొట్టు,
దూది నుసిలో.

నా ఎనిమిదో క్లాసు లెక్కలు అయిపోగా
మిగిలిన నోటుబుక్కు కాగితాల్లో
సూరాలన్నీ తెలుగక్షరాల్లో రాసుకుంది,
వత్తులు తప్పినా వరస తప్పకుండా.

రంజాన్ నెలలో చదువు చెప్పడానికొచ్చిన
జులేఖా ఆపా ఒకసారి విని నవ్వింది:
"కుల్ అంటే తిను అని, పెద్దమ్మా.
చెప్పు అనాలంటే గొంతు అడుగునుంచి రావాలి."
నాయనమ్మ కాసేపు ఆగి
"తినమన్నా తప్పేముందమ్మా,
పస్తున్నోళ్లకి ముందు అదేగా చెప్పాల్సింది" అంది.

అంది గానీ ఆ రాత్రి నిద్రపోలేదు.
కొండనాలుక వెనక ఎక్కడో ఉన్న ఆ అక్షరాన్ని
చీకట్లో తడుముకుంటూ
క కాదు, ఖ కాదు...
"పొలమారిందా ఏంది?" తాత విసుక్కున్నాడు.

ఎండాకాలం మిర్చి యార్డు పక్క గోడౌన్లో
తొడిమలు తీసే పనికి పోయేది.
ఒకరోజు తేజా రకం బస్తా విప్పగానే
ఘాటు నసాళానికంటి
పదిమంది ఆడాళ్లు ఒక్కసారే దగ్గుతుంటే
నాయనమ్మ దగ్గులోంచి ఊడిపడింది ఆ అక్షరం,
నున్నగా, బరువుగా,
నూతిలో రాయి పడ్డట్టు.
మళ్లీ అని చూసుకుంది. వచ్చింది.
వెంకాయమ్మ మంచినీళ్ల చెంబు అందిస్తూ
"ఏమైందే కాశమ్మా?" అంది.
"ఏం లేదు. దొరికింది."

ఇంటికొచ్చి, చేతులు మండుతుండగానే
ఆ గొంతు కావాల్సిన చోటల్లా
క కింద ఒక చుక్క పెట్టింది.
ఏ బడిలోనూ లేని అక్షరం.
కొన్ని చుక్కల పక్కన ఇప్పటికీ ఎర్రటి వేలి మరక.

రేషన్ కార్డులో ఆమె కాశమ్మ.
ఓటర్ల జాబితాలో ఖాశంబి.
అసలు పేరు కాసింబీ.
ఈ అచ్చులో ఆ చుక్క పడదు,
ఉందనుకుని చదవండి.
యాభైయేళ్లు నా పేరే నాకు పలకలేదే అని
వక్క కొరుకుతూ నవ్వేది.

సఫర్ నెలలో పోయింది.
తలదగ్గర కూర్చుని యాసీన్ నేనే చదివాను,
ఆ నోటుబుక్కులోంచి.
అరబ్బీ వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.
ఎవరూ దిద్దలేదు.

సమాధి రాయికి
నల్లచెరువులో యాకోబు దగ్గరికి పోయాను.
జీవితమంతా సిలువలు చెక్కిన చెయ్యి.
కాగితం అటూ ఇటూ తిప్పి
"ఈ చుక్కేంటమ్మా, సిరా కారిందా?" అన్నాడు.
చెప్పాను.
"నీ పేరులోనూ ఉంది బాబాయ్,
మా కితాబులో రాసినప్పుడు."

ఉలి పక్కన పెట్టి
గొంతులో ఏదో వెతుక్కున్నాడు.
రాలేదు. దగ్గాడు.
అక్షరానికింత అని లెక్కగట్టి
చుక్కకి మాత్రం డబ్బులు తీసుకోలేదు.